తెల్లరాతి ఊరు ఓమరూ: పాతదాన్ని కాపాడుకోవడం ఎలా?

న్యూజిలాండ్ చూడటానికి వచ్చే మనవాళ్ళ జాబితాలో క్వీన్స్‌టౌన్, మిల్ఫర్డ్ సౌండ్ తప్పకుండా ఉంటాయి. క్రైస్ట్‌చర్చ్ నుంచి డునెడిన్ వెళ్ళే దారిలో ఉన్న ఓమరూ దగ్గర మాత్రం చాలామంది పెట్రోలు పోయించుకుని, పిల్లలకి ఏదో తినిపించి కదిలిపోతారు. హైవే వదిలి రేవు వైపు కొంచెం దూరం నడిస్తే చాలు, నూటనలభై ఏళ్ళ కిందటి వర్తకుల పేట కనిపిస్తుంది. హార్బర్ స్ట్రీట్, టైన్ స్ట్రీట్ రెండు వైపులా తెల్లరాతి గోదాములు, బ్యాంకులు, హోటళ్ళు. క్రైస్ట్‌చర్చ్‌లో ఉండే మాకు ఇది మూడు గంటల ప్రయాణం. నాలుగైదు సార్లు వెళ్ళాం, ఇంకా తనివి తీరలేదు.

గోధుమ, ఉన్ని కట్టిన ఊరు

1860ల తర్వాత ఈ చుట్టుపక్కల గోధుమ బాగా పండింది, గొర్రెల ఉన్ని పోగుపడింది. వాటిని ఓడలకెక్కించడానికి రేవు కావాలి. కానీ ఇక్కడి సముద్రం నెమ్మదస్తురాలు కాదు, ఎన్నో ఓడలు ఒడ్డుకు కొట్టుకొచ్చి పగిలిపోయాయి. అందుకే 1871లో కాంక్రీటు దిమ్మెలతో అలలకు అడ్డుగోడ కట్టడం మొదలుపెట్టి, 1884కి పూర్తి చేశారు. ధాన్యం నిలవకు పెద్ద పెద్ద గోదాములు లేచాయి. లోన్ అండ్ మర్కంటైల్ కంపెనీ గోదాము 1882 నాటిది.

ఆ 1882లోనే ఇంకో విశేషం. ఊరికి దగ్గర్లోని టోటారా ఎస్టేట్‌లో కోసిన మాంసాన్ని గడ్డకట్టించి, ‘డునెడిన్’ అనే ఓడలో లండన్ పంపారు. న్యూజిలాండ్ నుంచి అలా వెళ్ళిన మొదటి సరుకు అదే. మూడు నెలల పైన ప్రయాణం చేసినా దాదాపు అంతా చెడకుండా చేరింది. ఈ దేశం బతుకుతెరువే మారిపోయింది.

అయితే రేవుకీ నీటి సరఫరాకీ చేసిన అప్పులు, 1880ల మాంద్యం కలిసి ఓమరూని కుంగదీశాయి. వర్తకం మెల్లగా తగ్గింది, 1974లో ఓడల రాకపోకలు ఆగిపోయాయి. పాతవి పడగొట్టి కొత్తవి కట్టే స్తోమత ఎవరికీ లేకపోయింది. అలా ఆ లేమే భవనాలను కాపాడింది.

రంపంతో కోసే రాయి

బీఎస్సీ చదివిన నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ రాయి. సముద్రజీవుల గుల్లలూ అస్థిపంజరాలూ కోట్ల ఏళ్ళ క్రితం అడుగున పేరుకుని గట్టిపడ్డ సున్నపురాయి అది. గని నుంచి తీసినప్పుడు రంపంతో కోసేంత మెత్తగా ఉండి, గాలి తగిలాక పైపొర గట్టిపడుతుంది. బ్యాంకుల ముందున్న అంత నాజూకు స్తంభాలు చెక్కగలిగింది అందుకే.

మన కడప నాపరాయి కూడా సున్నపురాయే. వంటింటి గట్టు మీద నిమ్మరసం ఒలికితే మచ్చ ఎందుకు పడుతుందో మనకు తెలుసు: ఆమ్లం సున్నాన్ని తింటుంది. ఓమరూ రాయిని వాన నీరు అలాగే నెమ్మదిగా తింటుంది. సముద్రపు ఉప్పు సందుల్లోకి దూరి, స్ఫటికాలై, లోపలి నుంచి పగలగొడుతుంది. ఇలాంటి గోడకు సిమెంటు పూస్తే తడి బయటికి రాలేక రాయి ఇంకా త్వరగా రాలుతుంది. దానికి సున్నమే మందు. మన తాతల డంగు సున్నం గొప్పతనం నాకు ఇక్కడ అర్థమైంది.

ఇక భూకంపం సంగతి. 2011 ఫిబ్రవరిలో క్రైస్ట్‌చర్చ్‌లో 185 మంది చనిపోయారు, ఎన్నో పాత రాతి భవనాలు పోయాయి. ఆ తర్వాత దేశమంతటా పాత భవనాలను బలపరచడం పెద్ద ప్రశ్న అయింది. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

భవనం తన కూడు తానే సంపాదించుకోవాలి

ఓమరూ వాళ్ళు కనుక్కున్న జవాబు నాకు బాగా నచ్చింది. 1980ల చివర్లో ఊరివాళ్ళు ఓమరూ వైట్‌స్టోన్ సివిక్ ట్రస్ట్‌గా ఏర్పడి, ఆ వీధుల్లోని భవనాలను ఒక్కొక్కటిగా బాగుచేసి అద్దెకిచ్చారు. పుస్తకాలు బైండు చేసేవాళ్ళు, రొట్టెలు కాల్చేవాళ్ళు, చిత్రకారులు అక్కడ పని చేసుకుంటున్నారు. వచ్చిన అద్దె మళ్ళీ మరమ్మతులకే పోతుంది. 1883 నాటి ధాన్యపు గోదాము ఇప్పుడు స్టీమ్‌పంక్ ప్రదర్శనశాల. రేవు పక్కన పాత రాతి గని నీలి పెంగ్విన్లకు ఇల్లయింది.

ఒక్క మాట మర్చిపోకూడదు. ఈ నేల తెల్లవాళ్ళ గోదాములతో మొదలవలేదు. వైటాకీ లోయలోని సున్నపురాతి చరియల మీద మావోరీలు గీసిన బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. టాకిరోవాకి వెళితే చూడొచ్చు. 2023లో యునెస్కో ఈ ప్రాంతాన్నంతా గ్లోబల్ జియోపార్కుగా గుర్తించింది.

మరి మనవి?

మనకీ ఇలాంటి రేవు పట్టణాలున్నాయి. బందరులో డచ్చివారి కోట, భీమిలిలో వాళ్ళ సమాధులు ఉన్నాయి. భీమిలి 1861లోనే మునిసిపాలిటీ అయింది. అంతదాకా ఎందుకు, మా అమ్మమ్మగారి మండువా ఇల్లు ఇప్పుడు ఖాళీగా ఉంది. పడగొట్టి స్థలం అమ్మేద్దామని మాట నడుస్తోంది. వద్దని నేను ఫోన్లో అంటే, “అక్కడ కూర్చుని చెప్పడం తేలికేనే అమ్మాయ్, ఏటేటా పెంకులు నేయించేదెవరు?” అన్నాడు పెద్ద మామయ్య. ఆయన అడిగింది న్యాయమే. ఓమరూలో కూడా ప్రేమ ఒక్కటే గోడలను నిలబెట్టలేదు, అద్దె నిలబెట్టింది.

అందుకే మా పిన్ని పిల్లలూ నేనూ ఒక లెక్క వేశాం. ఈ ఏడు పెంకుల ఖర్చు తలా కొంత పంచుకోవడం, వీధి వైపు గదులు రెండూ ఊళ్ళో కుట్టుపని నేర్పే ఆవిడకు అద్దెకివ్వడం. మామయ్య ఇంకా సరే అనలేదు, కాదనీ అనలేదు. బేరాన్ని మాత్రం సంక్రాంతి దాకా ఆపాడు.

మీకూ అలాంటి ఇల్లు ఒకటి ఉంటే, ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు గదుల కొలతలు తీసుకోండి, ఫోటోలు తీయండి, కట్టినవాళ్ళ కబుర్లు పెద్దవాళ్ళ చేత చెప్పించి రికార్డు చేయండి. వీటికి ఖర్చు లేదు. ఆ తర్వాత, దాన్ని ఎవరైనా ఎలా వాడుకోగలరో ఆలోచించండి. మనుషులు మసిలే ఇల్లే నిలబడుతుంది.