జమ్మి ఎక్కిన ఉత్తరుడు
పిల్లలకు దసరా చెప్పే ధైర్యం పాఠం

మేడ్చల్: దసరా నాడు పొద్దు వాలితే మేడ్చల్, శామీర్‌పేట పల్లెల్లో అందరి దారీ జమ్మి చెట్టు వైపే. పూజ చేసి, ఆకు తెంపుకొచ్చి, 'బంగారం' అంటూ పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కడం, ఈడువారితో అలయ్ బలయ్ తీసుకోవడం పిల్లలకు తెలిసిందే. ఆ చెట్టు వద్దకే ఎందుకు పోతామన్నది వారికి చెప్పవలసిన కథ.

పాండవులు అజ్ఞాతవాసానికి పోతూ ఆయుధాలను జమ్మి మీద దాచారు. ఎవరూ దగ్గరికి రాకుండా ఒక శవాన్నీ కట్టారు. గడువు తీరే వేళకు కౌరవులు విరాటరాజు ఆవులను తోలుకుపోయారు. అంతఃపురంలో బీరాలు పలికిన ఉత్తరకుమారుడు, తీరా సేనను చూడగానే రథం దిగి పరుగు తీశాడు. 'ఉత్తరకుమార ప్రగల్భాలు' అనే నానుడి అట్లా వచ్చిందే. లోకం అక్కడికి నవ్వి ఊరుకుంటుంది.

తిక్కన తెనుగు చేసిన విరాటపర్వంలో కథ అక్కడ ఆగదు. బృహన్నల వేషంలోని అర్జునుడు అతణ్ణి పట్టి తెచ్చి, ధైర్యం చెప్పి, జమ్మి ఎక్కి ఆయుధాలు దించమన్నాడు. శవమని జంకుతూనే ఉత్తరుడు ఎక్కాడు. ఆ తరువాత సారథియై, ఏ సేనను చూసి పారిపోయాడో ఆ సేన మీదికే రథం తోలాడు.

పిల్లలు వినవలసింది ఈ రెండో సగమే. లెక్క రాక నల్లబల్ల ముందుకు రావడానికి జంకే పిల్లకు, నలుగురిలో నోరు పెగలని పిల్లవానికి అర్జునుని కన్నా ఉత్తరుడే దగ్గరి చుట్టం.

ఇతర దేశాల్లోనూ ఇటువంటి పండుగ ఉంది. 1919లో జర్మనీలో మొదలైన వాల్డార్ఫ్ బడులు సెప్టెంబరు 29 నాటి మైకేల్ పండుగకు, ఘటసర్పాన్ని గెలిచిన వీరుని కథతో పిల్లలకు ధైర్యం నూరిపోస్తాయి. మనకు ఆ కథ ఊరి పొలిమేర చెట్టుకే ఉంది.

దసరా సెలవులకు ముందు బడుల్లో బతుకమ్మ ఆడించడం రివాజు. అదే రోజు ఉత్తరుని కథను అరగంట నాటకంగా ఆడించవచ్చు. వెదురు విల్లు, పాత చీర మూట ఉంటే చాలు.

ఇక చెట్టు సంగతి. జమ్మి 2014 నుంచి రాష్ట్ర వృక్షం. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది కూడా 2016 అక్టోబరు 11న, విజయదశమి నాడే. అయినా చేలు ప్లాట్లవుతున్న చోట గట్ల మీది జమ్మికి నిలువ నీడ లేదు. మిగిలినవాటికి పండుగ నాడే కొమ్మలు విరుగుతున్నాయి. జమ్మి మొండి చెట్టు. వేరు లోతుకు దిగి కరువుకు తట్టుకుంటుంది. మేకలకు అందకుండా మొదట్లో కంచె వేస్తే చాలు. బడికొక మొక్క నాటి, ఆకులు మాత్రమే తెంపాలని పిల్లలకు నేర్పడం పంతుళ్ల, పెద్దల చేతిలోని పనే. కథ చెప్పిననాడు చూపించడానికి చెట్టు ఉండాలి గదా!