తిరుత్తణి కొండ మీద నిలబడి చూస్తే

తిరువళ్లూరు జిల్లాలో ఎక్కువ భాగం చదును నేల. చెరువులు, వరిపొలాలు, తోపులు, వాటి మధ్య ఊళ్లు. పడమటి కొసన తిరుత్తణి దగ్గరికి వచ్చేసరికి కొండలు మొదలవుతాయి. ఊరిని ఆనుకుని ఉన్న కొండ మీద సుబ్రహ్మణ్యస్వామి గుడి ఉంది. మురుగన్ ఆరు ప్రధాన క్షేత్రాల్లో ఇది ఒకటి. దర్శనం కాగానే చాలామంది బస్సో కారో ఎక్కి దిగిపోతారు. కానీ చుట్టుపక్కల సీమనంతా ఒక్కచోట నుంచి చూడాలనుకునేవాళ్లకు కూడా ఇంతకంటే మంచి చోటు ఈ జిల్లాలో దొరకడం కష్టం.

పైదాకా ఘాట్ రోడ్డు ఉన్నా, చూడటానికి వెళ్లేవాళ్లకు మెట్లదారే మేలు. ఏడాదికి ఎన్ని రోజులో మెట్లూ అన్నే, 365. డిసెంబరు 31న మెట్ల పండుగ జరుగుతుంది. భజన బృందాలు ఒక్కో మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, తిరుప్పుగళ్ పాడుతూ కొత్త సంవత్సరంలోకి ఎక్కుతాయి. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఈ ఆచారానికి ఊపిరి పోసినవారు వళ్లిమలై సచ్చిదానంద స్వామి. ఆడికృత్తికకు చిత్తూరు వైపు నుంచి కూడా కావళ్లు తరలివస్తాయి. ఆ రోజుల్లో కొండ మీద నిలబడి చూసే తీరిక ఎవరికీ ఉండదు.

మామూలు రోజున మెట్లెక్కుతూ ఆగి వెనక్కి తిరిగితే ముందు ఇళ్ల డాబాలు, వీధులు, ఇంకా పైకి వెళ్లాక కొండ దిగువన శరవణ పొయిగై కోనేరు, అరక్కోణం నుంచి రేణిగుంట వెళ్లే రైలు మార్గం, ఆపైన పొలాలు కనిపిస్తాయి. గుడికొండకు చెరోవైపునా ఉన్న వరుసల్లో ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా ఉంటుంది. తెల్లదాన్ని పచ్చిబియ్యం కొండ అనీ, నల్లదాన్ని తెలకపిండి కొండ అనీ స్థానికులు పిలుస్తారు.

ఉత్తరాన నగరి కొండలున్నాయి. అటు ఆంధ్రప్రదేశ్, ఇటు తమిళనాడు. పైనుంచి చూస్తే ఏ గీతా కనిపించదు. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనే ఉండేది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తెలుగు కుటుంబంలో పుట్టిన ఊరు కూడా ఇదే.

ఎత్తు పెరిగితే చూపు ఎంత దూరం పోతుందో చెప్పే లెక్క ఒకటుంది. భూమి గుండ్రంగా ఉండటం వల్ల నేల మీద నిలబడ్డవారికి నాలుగైదు కిలోమీటర్ల దగ్గరే దిగంతం వచ్చేస్తుంది. ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్లలో ఉందో తేలుతుంది. వంద మీటర్ల ఎత్తుకు దాదాపు 36 కిలోమీటర్లు. చూపు రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగు రెట్లు కావాలి. నగరి కొండల్లో ముక్కులా పొడుచుకొచ్చిన శిఖరం ఎత్తు సుమారు 850 మీటర్లు, అంటే వంద కిలోమీటర్లకు పైగా చూపు. అందుకే ఓడల కాలంలో మద్రాసు తీరానికి వచ్చే నావికులు బంగాళాఖాతంలోంచే ఆ శిఖరాన్ని గుర్తుపట్టేవారు.

కొండ లేని చోట మనిషి టవర్ కట్టుకున్నాడు. జపాన్‌లో టోక్యో నగరం విశాలమైన కాంటో మైదానంలో ఉంది. 1890లో అక్కడి అసాకుసాలో ర్యోఉన్‌కాకు అనే 12 అంతస్తుల భవనం లేచింది. ఆ దేశంలో మొదటి ఎలక్ట్రిక్ లిఫ్టు అందులోనే పెట్టారు. 1923 భూకంపంలో అది దెబ్బతినడంతో కూల్చేశారు. టీవీ ప్రసారాల కోసం 1958లో కట్టిన టోక్యో టవర్ ఎత్తు 333 మీటర్లు. సందర్శకులు నిలబడే వేదికలు 150, 250 మీటర్ల దగ్గర ఉన్నాయి. 2012లో తెరిచిన స్కైట్రీ 634 మీటర్లు. దాని పై వేదిక 450 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి నుంచి దిగంతం దాదాపు 76 కిలోమీటర్లు. గాలి తేటగా ఉన్న చలికాలపు ఉదయాల్లో ఫుజి పర్వతం కూడా కనిపిస్తుంది.

తిరుత్తణికి దగ్గర్లో ఇలాంటి కట్టడం కావాలంటే చెన్నై అన్నానగర్ వెళ్లాలి. 1968 ప్రపంచ వాణిజ్య ప్రదర్శన కోసం అక్కడ కట్టిన విశ్వేశ్వరయ్య టవర్ ఎత్తు 135 అడుగులు. భద్రతా కారణాలతో ఏళ్ల తరబడి మూసి ఉంచి, 2023లో మళ్లీ తెరిచారు.

చెన్నై నుంచి తిరుత్తణి దాదాపు 85 కిలోమీటర్లు. అరక్కోణం నుంచి 13 కిలోమీటర్లే. ఎండాకాలంలో దుమ్ము, వేడిగాలి దూరాన్ని మింగేస్తాయి. నవంబరు, డిసెంబరు నెలల్లో వాన తెరిపిచ్చిన మర్నాడు పొద్దున్నే వెళ్లడం మంచిది. దర్శనానికి వెళ్లేవాళ్లు మోకాళ్లు సహకరిస్తే మెట్లదారినే ఎక్కండి. వెంట వచ్చిన పిల్లలకు నగరి కొండలు ఎటున్నాయో, రైలు ఎటు పోతోందో చూపించి మరీ దిగండి.