ఊర్మిళకు పాట ఉంది, యుయుత్సుడికి లేదు

పట్టాభిషేకం అయింది. రాముడు కొలువుదీరాడు. పక్కన సీత, చుట్టూ సుగ్రీవుడు, విభీషణుడు, అంగదుడు, హనుమంతుడు. అంత నిండు సభలో లక్ష్మణుడు ఉన్నట్టుండి పకపకా నవ్వాడు.

ఎందుకు నవ్వాడో ఎవరికీ తెలియదు. అయినా ప్రతి ఒక్కరికీ తనను చూసే నవ్వాడనిపించింది. అన్నను చంపించి రాజ్యం ఏలుతున్నాననేమో అనుకున్నాడు సుగ్రీవుడు. సొంత అన్నను విడిచి శత్రువు పక్షాన చేరానని విభీషణుడు కుంగిపోయాడు. తండ్రిని చంపినవాడినే కొలుస్తున్నానని అంగదుడు తల దించుకున్నాడు. పరాయివాడి చెరలో ఉండి వచ్చానని సీత చిన్నబోయింది. చివరికి రాముడే కత్తి దూశాడు. అప్పుడు గానీ లక్ష్మణుడు నోరు విప్పలేదు. వనవాసానికి వెళ్లినప్పుడు తన జోలికి రావద్దని అతను నిద్రాదేవిని వేడుకున్నాడు. పద్నాలుగేళ్ల గడువు తీరగానే ఆమె సభ మధ్యకే వచ్చి నిలబడింది. అదీ నవ్వు వెనక కథ.

వాల్మీకి రామాయణంలో ఈ నవ్వు లేదు. 13వ శతాబ్దపు రంగనాథ రామాయణంలో ఉంది. తెలుగు స్త్రీలు పాడుకున్న ‘లక్ష్మణదేవర నవ్వు’లో ఇంకా నిండుగా ఉంది. సభలో ఒక్కొక్కరి గుండెలో ఏ ముల్లు దిగబడి ఉందో ఒక్క నవ్వుతో పైకి లాగిన ఆ పాట ఎంత గొప్ప కల్పన! దాన్ని కట్టిన తల్లుల పేర్లు మాత్రం మనకు మిగల్లేదు.

మరి లక్ష్మణుడు వద్దనుకున్న నిద్ర ఎక్కడికి పోయింది? ఊర్మిళ దగ్గరికి.

బాలకాండలో జనకుడు తన కూతురు ఊర్మిళను లక్ష్మణుడికిచ్చి పెళ్లి చేస్తాడు. ఆ తర్వాత ఆమె గురించి వాల్మీకి దాదాపు మాట్లాడడు. అడవికి బయల్దేరే ముందు లక్ష్మణుడు తల్లి సుమిత్రకు మొక్కుతాడు, ఆమె కొడుక్కి ధర్మం చెప్పి పంపుతుంది. భార్య దగ్గర సెలవు తీసుకున్నట్టు ఒక్క మాటైనా లేదు. ఆ వెలితి తెలుగు ఆడవాళ్లకు తట్టింది. పద్నాలుగేళ్లు మొగుడు కనబడని కోడలు అత్తింట్లో ఎలా బతికిందని వాళ్లు అడిగారు. జవాబుగా ‘ఊర్మిళాదేవి నిద్ర’ పుట్టింది.

ఆ పాటలో ఊర్మిళ సంగతి గుర్తుచేసేది సీత. అక్కా తోడికోడలూ అయిన ఆమెకు కాక ఇంకెవరికి గుర్తుంటుంది? సీత చెప్పాక రాముడు తమ్ముణ్ని పంపుతాడు. లక్ష్మణుడు వెళ్లి మంచం మీద కూర్చుంటాడు. ఊర్మిళ కళ్లు తెరిచి భర్తను పోల్చుకోలేకపోతుంది. ఎవడో పరాయి మగవాడనుకుని హడలిపోయి, మా తండ్రికి తెలిస్తే నిన్ను బతకనివ్వడని హెచ్చరిస్తుంది. పరాయి ఆలిని కోరిన ఇంద్రుడూ రావణుడూ ఏమయ్యారో ఎరుగవా అని నిలదీస్తుంది. పద్నాలుగేళ్లు అన్నను కనిపెట్టుకుని ఉన్న మహావీరుడు తన గదిలోనే, తన భార్య ఎదుటే, తానెవరో చెప్పుకోవాల్సి వస్తుంది. ఎడబాటు ఎంతటిదో చెప్పడానికి ఇంతకన్నా బలమైన ఘట్టం దొరకడం కష్టం.

ఊర్మిళ కోసం తరవాత పెద్ద పెద్ద కవులే కదిలారు. కావ్యాలు ఉపేక్షించిన స్త్రీల గురించి రవీంద్రనాథ్ ఠాగూర్ బెంగాలీలో వ్యాసం రాస్తూ ఊర్మిళను తలచుకున్నాడు. హిందీలో మైథిలీశరణ్ గుప్త ‘సాకేత్’ కావ్యంలో ఆమె విరహానికి పెద్ద పీట వేశాడు. తెలుగులో ఓల్గా ‘విముక్త’ కథలో ఆమెను ఆలోచించే మనిషిగా నిలిపింది. అదే పేరుతో వచ్చిన కథల సంపుటికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. వీటన్నిటికీ ముందునుంచే పల్లెటూరి వసారాల్లో ఆ పాట మోగుతూ ఉందంటే పొంగిపోకుండా ఎలా ఉంటాం?

ఇలా మనం అక్కున చేర్చుకున్న చిన్నవాళ్లు ఇంకా ఉన్నారు. వారధి కట్టేటప్పుడు ఇసుక మోసిన ఉడుత వాల్మీకిలో లేదు, రంగనాథ రామాయణంలో ఉంది. ‘ఉడుతాభక్తి’ అన్న మాట ఈనాటికీ మన నోట నానుతూనే ఉంది. వ్యాసుడు అభిమన్యుడికి ఉత్తరనే భార్యగా చెప్పాడు. మనం బలరాముడికి శశిరేఖ అనే కూతుర్ని కల్పించి అభిమన్యుడికిచ్చి పెళ్లి చేశాం. 1957 నాటి ‘మాయాబజార్’ చూసినవాళ్లలో ఆమె భారతంలో లేదంటే నమ్మనివాళ్లు ఎందరో.

కానీ భారతంలో నిజంగా ఉన్న వికర్ణుణ్ని ఎంతమంది తలచుకుంటారు?

దుర్యోధనుడి తమ్ముళ్లలో ఒకడు. జూదసభలో తాను దాసినా కాదా అని ద్రౌపది అడిగిన ప్రశ్నకు భీష్మద్రోణుల వంటి పెద్దలు జవాబు తేల్చి చెప్పలేకపోతే ఆ కుర్రవాడు లేచాడు. వేట, తాగుడు, జూదం, కాముకత్వం రాజులకు వ్యసనాలనీ, వాటిలో మునిగినవాడు చేసిన పని చెల్లదనీ అన్నాడు. ద్రౌపది ఐదుగురికీ భార్య అని గుర్తుచేశాడు. ధర్మరాజు తనను తాను ఓడిపోయాకే ఆమెను ఒడ్డాడనీ, ఆ పందెం శకుని అడిగి పెట్టించినదేననీ చెప్పి, ఆమె దాసి కాదని తేల్చాడు. కర్ణుడు అతణ్ని పిల్లవాడివంటూ కసిరాడు. యుద్ధంలో వికర్ణుడు అన్న పక్షానే నిలిచాడు. కౌరవులు నూరుగురినీ చంపుతానన్న ప్రతిన ప్రకారం భీముడు అతణ్నీ చంపక తప్పలేదు. చంపి, అతని కోసం బాధపడ్డాడు కూడా.

యుయుత్సుడిది మరో దారి. ధృతరాష్ట్రుడికి వైశ్య స్త్రీ వల్ల పుట్టినవాడు. యుద్ధం మొదలయ్యే ముందు మా వైపు వచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ధర్మరాజు ఎలుగెత్తి అడిగితే, రెండు సేనలూ చూస్తుండగా అతనొక్కడే ఇవతలికి నడిచి వచ్చాడు. ధృతరాష్ట్రుడి కొడుకుల్లో ప్రాణాలతో మిగిలింది అతనే.

వీళ్లిద్దరికీ ఊర్మిళకు దొరికినంత ఆప్యాయత దొరకలేదు. స్త్రీల పాటలు కథను ఇంటి గడప లోపలినుంచి చూశాయి. ఎవరు ఎవరికి తోడికోడలు, ఏ మరిది ఏ వదిన కోసం ఏం చేశాడు, ఏ పిల్ల భోజనం మానేసింది అన్నది వాటి లెక్క. కొలువులో లేచి మాట్లాడినవాడు, రణరంగంలో పక్షం మారినవాడు ఆ గడప అవతలే ఉండిపోయారు. పండితులు వాళ్లను వదల్లేదు, నిజమే. వాళ్లు పద్యాల్లో ఉన్నారు. కానీ ఉయ్యాల ఊపుతూ వాళ్ల గురించి పాడుకునేవాళ్లు లేకపోయారు.

పాండవులు రాజ్యం విడిచి మహాప్రస్థానానికి బయల్దేరిన రోజున ధర్మరాజు పిలిపించింది ఈ యుయుత్సుణ్నే. పరీక్షిత్తును సింహాసనం మీద కూర్చోబెట్టి, రాజ్యభారం యుయుత్సుడికి అప్పగించాడు. ఐదుగురూ ద్రౌపదీ నారచీరలు కట్టి నగరం దాటారు, వెంట ఒక కుక్క నడిచింది. ఆ కుక్క కథ మనందరికీ తెలుసు. హస్తినాపురంలో కొత్త రాజు పక్కన మిగిలిపోయిన ఆ పెద్దాయన ఆ సాయంత్రం ఏం చేశాడో ఎవరైనా ఇంకా పాట కట్టాల్సి ఉంది.