జరీ అంచులో పరమాణువుల వలస

పిఠాపురం దగ్గర ఉప్పాడ, కొత్తపల్లి మగ్గాల మీద నేసే జాంధానీ చీరలను మీలో చాలామంది చూసే ఉంటారు. 2009లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అసలైన జరీ అంటే పట్టు పోగుకు చుట్టిన వెండి తీగ, దానిమీద బంగారు పూత. ఆ పూత మందం ఎంత? తీగ వెంట్రుకంత లావనీ, బరువులో అరశాతం బంగారమనీ అనుకొని లెక్క కట్టండి. సుమారు 50 నానోమీటర్లు వస్తుంది. అంటే రెండు వందల వరసల పరమాణువులు, అంతే!

బీరువాలో భద్రంగా దాచినా కొన్నేళ్లకు జరీ నల్లబడుతుంది. బంగారం నల్లబడదు కదా! గాలిలోని గంధకపు వాయువులు తగిలి నల్లబడేది వెండి. పూత కిందనున్న వెండికి గాలి ఎలా తగిలింది? పూతలో సన్నని రంధ్రాలుంటాయి, రాపిడికి అది అరుగుతుంది కూడా. ఇవి కాక మూడో దారి ఉంది. వెండి పరమాణువులే బంగారంలోంచి నడిచి పైకి వస్తాయి. దీన్ని వ్యాపనం అంటారు.

గట్టి లోహంలో నడకేమిటి అంటారా? 1896లో ఇంగ్లండులో రాబర్ట్స్-ఆస్టెన్ ఇదే పరీక్షించాడు. సీసపు కడ్డీ అడుగున బంగారం ఉంచి, 251 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో 31 రోజులు అట్టేపెట్టాడు. సీసం కరగాలంటే 327 డిగ్రీలు కావాలి. తరవాత కడ్డీని ముక్కలుగా కోసి చూస్తే, కరగని సీసంలోనే బంగారం పైకి ఎగబాకి ఉంది.

కాని 50 నానోమీటర్ల పొరను ఏ రంపంతో కోస్తాం? 1940లో డ్యూమాండ్, యూట్జ్ అనేవారు చక్కని ఉపాయం ప్రకటించారు. బంగారం, రాగి పొరలను ఒకదానిమీద ఒకటి పలచగా పేర్చి ఎక్స్-కిరణాలు ప్రసరింపజేస్తే, ఒక ప్రత్యేక కోణంలో ప్రకాశవంతమైన పరావర్తనం వస్తుంది. పరమాణువులు అటూ ఇటూ కలిసిపోయేకొద్దీ ఆ ప్రకాశం తగ్గుతుంది. ఎంత త్వరగా తగ్గితే వ్యాపనం అంత వేగమన్నమాట! 1969లో కుక్, హిలియార్డ్ ఈ పద్ధతినే బంగారం, వెండి పొరల మీద ప్రయోగించారు, అచ్చంగా మన జరీ జంటే. ఇనుములో ఇనుమే నడిస్తే? అప్పుడు ఇనుము-57 ఐసోటోపు పొరలను మామూలు ఇనుముతో పేర్చి, న్యూట్రాన్లతో చూస్తారు. ఎక్స్-కిరణాలకు ఆ తేడా తెలియదు. ఇండోర్ శాస్త్రజ్ఞులు నైట్రోజన్ కలిసిన ఇనుప పొరలను ఇలాగే పరిశీలించారు.

ఇంతకీ దారి ఎక్కడ? లోహం చిన్న చిన్న స్ఫటిక గింజల ముద్ద. మన వరిచేలను తలుచుకోండి. మడిలో నీరు మెల్లగా ఇంకుతుంది, బోదెలో పరుగెత్తుతుంది. గది వేడిలో, గింజ లోపలినుంచే పోవాలంటే వెండి పరమాణువు నూరేళ్లకు ఒక్క అడుగైనా వేయలేదు. గింజల సరిహద్దుల వెంట మాత్రం ఎన్నెన్నో రెట్లు వేగంగా పోతుంది. గింజ 10 నానోమీటర్లు, సరిహద్దు ఒక నానోమీటరు అయితే, లోహంలో నాలుగో వంతుకు పైగా సరిహద్దే. చేలో నాలుగో వంతుకు పైగా బోదెలే అయినట్టు!

అందుకే విద్యుత్ పరికరాల్లో రాగి మీద బంగారం పూసేముందు మధ్యలో నికెల్ పొరను అడ్డు వేస్తారు. ఇస్త్రీ పెట్టె వేడికి సరిహద్దుల్లోని ఈ నడక వేల రెట్లు పుంజుకుంటుంది.