నెట్‌వర్క్ లేకపోతే లినక్స్ ల్యాప్‌టాప్ ఎందుకు ఆలస్యంగా తెరుచుకుంటుంది?

ఐఐటీ ఢిల్లీ పక్కనే ఉన్న జియా సరాయ్‌లో చిన్న అద్దె గదుల్లో ఉంటూ గేట్ వంటి పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే విద్యార్థులు ఎక్కువ. అలాంటి గదిలో పాత ల్యాప్‌టాప్‌కు లినక్స్ ప్రాణం పోస్తుంది. కానీ నెట్‌వర్క్ అందని రోజున అదే ల్యాప్‌టాప్ తెరుచుకోవడానికి రెండు నిమిషాలు పట్టవచ్చు. హార్డ్‌డిస్క్ పాడైందేమోనన్న అనుమానం సహజమే. అయితే నెట్‌వర్క్ లేనప్పుడే ఆలస్యమవుతుంటే, కొత్త డిస్క్ కొనేముందు వేరే కారణాన్ని వెతకాలి.

జవాబు రాని ప్రశ్న

నెట్‌వర్క్‌లో చేరే కంప్యూటర్‌కు ముందుగా ఒక చిరునామా కావాలి. దానికోసం అది డీహెచ్‌సీపీ అనే పద్ధతిలో ‘ఇక్కడ చిరునామా ఇచ్చేవారున్నారా?’ అని అడుగుతుంది. ‘లేరు’ అని చెప్పడానికి కూడా అవతల ఎవరో ఒకరు ఉండాలి కదా! జవాబు రాకపోతే అది ఆలస్యమవుతోందో, అసలు రాదో యంత్రానికి తెలియదు. బస్సు రద్దయిందని చెప్పేవారు లేని స్టాపులో ప్రయాణికుడి పరిస్థితే దానిది. కొంతసేపు చూసి వెళ్లిపోవడం ఒక్కటే మార్గం.

1997 నాటి డీహెచ్‌సీపీ ప్రమాణం ప్రకారం మొదట సుమారు 4 సెకన్లు ఆగి మళ్లీ అడగాలి. తర్వాత విరామం 8, 16, 32 సెకన్లుగా రెట్టింపవుతూ 64 దాకా వెళుతుంది. వందల కంప్యూటర్లు ఒకేసారి అడిగి నెట్‌వర్క్‌ను ముంచెత్తకుండా ఉండేందుకే ఈ ఏర్పాటు.

ఆగేది ఎవరికోసం?

2010లో వెలువడిన సిస్టమ్‌డి నేడు చాలా లినక్స్ రకాల్లో సేవలను ప్రారంభిస్తుంది. వీలైనన్ని సేవలను ఏకకాలంలో నడిపించడం దాని ప్రత్యేకత. కానీ ఏదైనా సేవ ‘నెట్‌వర్క్ పూర్తిగా సిద్ధమయ్యాకే నన్ను లేపు’ అని కోరితే, ‘వెయిట్-ఆన్‌లైన్’ అనే కాపలా సేవ మేల్కొంటుంది. సిస్టమ్‌డి సొంత నెట్‌వర్క్ విభాగంలో దీని గడువు మామూలుగా 120 సెకన్లు. నెట్‌వర్క్‌మేనేజర్ కొత్త వెర్షన్లలో 60 సెకన్లు.

నిర్ధారణ, పరిష్కారం

టెర్మినల్‌లో ‘సిస్టమ్‌డి-అనలైజ్ బ్లేమ్’ కమాండ్ ఇస్తే ఏ సేవ ఎంతసేపు తీసుకుందో కనిపిస్తుంది. జాబితాలో పైన ఉన్నదే దోషి అనుకోకూడదు. మిగతావాటిని ఆపకుండా పక్కన నడిచిన సేవ కూడా కావచ్చు. ఏది దేనికోసం ఆగిందో ‘సిస్టమ్‌డి-అనలైజ్ క్రిటికల్-చైన్’ చెబుతుంది.

కారణం వెయిట్-ఆన్‌లైన్ సేవే అయితే, సొంత ల్యాప్‌టాప్‌లో ‘సిస్టమ్‌సీటీఎల్ డిజేబుల్’తో దాన్ని ఆపవచ్చు. తెర వచ్చాక కూడా వైఫై తనంతట తాను కలుస్తుంది. కాలేజీ సర్వర్‌లోని ఫోల్డర్లు బూట్ సమయంలోనే జతకావాల్సి ఉంటే మాత్రం ముందు ఎఫ్‌స్టాబ్ ఫైలు చూడాలి. ఆ వరుసకు ‘నోఫెయిల్’ చేర్చితే, ఫోల్డర్ దొరకకపోయినా బూట్ ఆగిపోదు.

సర్వర్లకు ఈ నిరీక్షణ అవసరం కావచ్చు. నెట్‌వర్క్ ఉన్నా లేకున్నా చదువు సాగాల్సిన గదిలోని ల్యాప్‌టాప్‌కు సాధారణంగా దాని అవసరం ఉండదు.