కుందేలు పిల్లకు కడుపే ప్రాణం

'తాను పట్టిన కుందేలికి మూడే కాళ్ళు' అని సామెత. కుందేలు తిండి విషయంలో మనందరిదీ ఇంచుమించు అదే పట్టు. బొమ్మల పుస్తకంలో క్యారెట్ తింటూ కనిపించింది కాబట్టి మనమూ క్యారెట్టే పెడతాం. చిన్నపిల్ల కదా అని పాలు పోస్తాం. ఇంటికొచ్చిన చుట్టాలు బిస్కెట్ ముక్క అందిస్తారు, అమ్మమ్మ గుప్పెడు మరమరాలు వేస్తుంది. వారం తిరిగేసరికి పిల్ల ఓ మూల ముడుచుకుని కూర్చుంటుంది. మర్నాటికి ఉండదు. "దిష్టి తగిలిందే" అనుకుని ఊరుకుంటాం. చాలాసార్లు అది దిష్టి కాదు, కడుపు జబ్బు. మన బరంపురంలో కూడా కొందరి ఇళ్ళల్లో చెవులపిల్లులు పెరుగుతున్నాయి. పక్కింటి ఒడియావాళ్ళు వాటినే 'ఠెకువా' అంటారు. వాటి కోసమే ఈ నాలుగు మాటలు.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. గంజాం పొలాల్లో, తుప్పల్లో పరుగెత్తే అడవి కుందేలు వేరు, బజారులో అమ్మే పెంపుడు కుందేలు వేరు. పెంపుడుది యూరప్ జాతి నుంచి వచ్చింది. పొలంలో దొరికిన పిల్లను ఇంటికి తెచ్చి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దాన్ని ఉన్నచోటే వదిలేయాలి. తల్లి రోజుకు ఒకటి రెండుసార్లే వచ్చి పాలిచ్చి పోతుంది. మనకు కనిపించనంత మాత్రాన అది అనాథ కాదు.

రెండు రకాల పెంటికలు

ఆవు మేసిన గడ్డిని నెమరు వేస్తుంది. కుందేలుకు ఆ వీలు లేదు. దాని చిన్న పేగు, పెద్ద పేగు కలిసేచోట 'సీకమ్' అనే పెద్ద సంచి ఉంటుంది. అందులో కోట్లాది మంచి సూక్ష్మజీవులు మేతను పులియబెడతాయి. ఆ సారమంతా మెత్తటి చిన్న చిన్న ఉండలుగా, ద్రాక్షగుత్తిలా బయటికి వస్తుంది. కుందేలు వాటిని నేలమీద పడనివ్వకుండానే నోటితో అందుకుని తినేస్తుంది. "ఛీ, పెంట తింటోంది" అని అదిలించకండి. బి విటమిన్లు, ప్రోటీన్లు దానికి అందేది ఆ దారిలోనే. ఒకరకంగా అదే దాని నెమరు. మనం ఊడ్చి పారేసే గట్టి గుండ్రటి పెంటికలు వేరు. అవి పీచు మిగిలినవి.

ఈ యంత్రం ఆగకుండా నడవాలంటే పీచు లోపలికి పోతూనే ఉండాలి. పీచు తగ్గి పిండి, తీపి ఎక్కువైతే పేగుల కదలిక మందగిస్తుంది. చెడ్డ సూక్ష్మజీవులు పెరిగి గాలి, విషం పుట్టిస్తాయి. పైగా కుందేలు వాంతి చేసుకోలేదు. లోపలికి పోయింది ముందుకే కదలాలి.

పిల్లల్లో ఎందుకింత ప్రమాదం?

పెద్ద కుందేలు జీర్ణాశయంలో ఆమ్లం ఘాటుగా ఉండి క్రిములను చంపేస్తుంది. పాలు తాగే పిల్లలో ఆ ఘాటు ఇంకా రాదు. తల్లిపాలే దానికి కాపలా. పాలు మానే వారాల్లోనే కడుపు కొత్త మేతకు అలవాటు పడుతుంది. సరిగ్గా అప్పుడే తల్లి నుంచి విడదీసి అమ్మేస్తారు. అందుకే 8 వారాలు నిండని పిల్లను కొనకూడదు. తెచ్చాక మొదటి వారం పాత చోట తిన్నదే పెట్టండి. తర్వాత 7 నుంచి 10 రోజుల్లో కొద్దికొద్దిగా కొత్త మేత కలుపుతూ మార్చండి.

ఏం పెట్టాలి?

మేతలో ముఖ్యభాగం, అంటే ఇంచుమించు నూటికి 80 పాళ్ళు, గడ్డే. గరిక, గినీ గడ్డి, నేపియర్ గడ్డి ఎండబెట్టి రాత్రింబవళ్ళు అందుబాటులో ఉంచాలి. కుందేలు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అవి అరగడానికీ గడ్డి నమలడమే మార్గం. వరిగడ్డిలో బలం తక్కువ, పరుపుగా వేస్తే చాలు. మన వానాకాలంలో గడ్డికి బూజు పడుతుంది. బూజు వాసన వస్తే పారేయండి. పురుగుమందు కొట్టిన గట్టుమీద గడ్డి కోయకండి.

మూడు నెలలు నిండాక ఆకులు మొదలుపెట్టవచ్చు: కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు, క్యారెట్ ఆకు. ఒక్కో ఆకు కొంచెంగా పెట్టి, రెండు మూడు రోజులు పెంటిక చూసి, తర్వాతే ఇంకొకటి. క్యారెట్ దుంప, అరటిపండు ఎప్పుడైనా చిటికెడు, అదీ పెద్దదయ్యాకే. మంచినీళ్ళు ఎప్పుడూ ఉండాలి.

ఆవుపాలు, బిస్కెట్, బ్రెడ్, అన్నం, అటుకులు, మరమరాలు, మిక్చర్ వద్దే వద్దు.

పెంటికలే రిపోర్టు

రోజూ పొద్దున్న ఊడ్చేటప్పుడు చూడండి. పెంటికలు చిన్నవైపోతే, దండలా వెంట్రుకలతో వస్తే, తగ్గిపోతే పేగులు నెమ్మదించాయని అర్థం. పళ్ళు కొరకడం, ముడుచుకుని కూర్చోవడం, పొట్ట డప్పులా బిగిసిపోవడం నొప్పి గుర్తులు. 12 గంటలు మేత ముట్టకపోయినా, పెంటిక వేయకపోయినా అది అత్యవసరం. "రేపు చూద్దాంలే" అనకూడదు. పిల్లకు నీళ్ళ విరేచనాలైతే గంటలే గడువు. తడి బోనుల్లో పెరిగే పిల్లలకు కాక్సిడియా అనే పరాన్నజీవి వల్ల కూడా విరేచనాలవుతాయి. డాక్టరు పెంటిక పరీక్షించి మందిస్తారు. వెళ్ళేటప్పుడు కొంచెం పెంటిక కాగితంలో పొట్లం కట్టి పట్టుకెళ్ళండి.

పశువైద్యుడి దగ్గరకు చేరేలోపు నీళ్ళు, గడ్డి దగ్గర పెట్టండి. చెవులు చల్లబడితే మెత్తటి గుడ్డలో చుట్టి వెచ్చగా ఉంచండి. ఎండాకాలమైతే నీడకు, గాలికి మార్చండి. ఉక్కపోత దానికి బొత్తిగా పడదు. పొట్ట బిగిసి ఉంటే బలవంతంగా ఏమీ నోట్లో పోయకండి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో మిగిలిన మన మాత్రలు వేయకండి. మనకు మామూలుగా రాసే అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ నోటిద్వారా వేస్తే కుందేలు సీకమ్‌లోని మంచి సూక్ష్మజీవులు చచ్చిపోయి, దాని ప్రాణమే పోవచ్చు.

చివరగా ఒక మాట. మన డాక్టర్లకు ఆవులు, మేకలు, కుక్కలు రోజూ అలవాటు. కుందేలును చూసేవారెవరో పిల్లను కొనకముందే వాకబు చేసి, ఫోను నంబరు గోడమీద రాసిపెట్టుకోండి. పంజరం కొనడం ఆ తర్వాతి పని.