పెద్ద తెరకు చిన్న ల్యాప్‌టాప్

పుష్యమాసంలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర రోజుల్లో గానీ, ఆదోనిలో వినాయక నిమజ్జనం రాత్రి గానీ డీజే పెట్టిన చోట జనం చూపంతా ఎల్‌ఈడీ తెర మీదే ఉంటుంది. ఒక తెలుగు పాట, దాని వెనకే కన్నడ పాట, మధ్యలో హిందీ ముక్క. పాట మారిన ప్రతిసారీ తెర మీది బొమ్మ కూడా కరిగి ఇంకో బొమ్మవుతుంది. ఆ బొమ్మలను పంపేది తెర వెనక ప్లాస్టిక్ కుర్చీ మీదున్న ఒక మామూలు ల్యాప్‌టాప్. చాలాసార్లు అది కొత్తది కూడా కాదు. ఏదో ఐటీ కంపెనీ నాలుగేళ్లు వాడి వదిలేస్తే, బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచో సికింద్రాబాద్ సీటీసీ నుంచో తెచ్చుకున్న సెకండ్‌హ్యాండ్ సరుకు. పాతిక వేల లోపు దొరికే ఆ పెట్టెకు ఇంత పని ఎలా చేతనైందో తెలుసుకోవాలంటే రెండు వీడియోలను కలపడం ఒకప్పుడు ఎంత కష్టమో ముందు చూడాలి.

రెండు పాటలను కలపడం సులువు. రెండు శబ్దాలను కూడితే చాలు, మిగతాది చెవి చూసుకుంటుంది. వీడియో అలా ఊరుకోదు. క్యాసెట్ల కాలంలో మన టీవీ బొమ్మ అంటే సెకనుకు 25 చిత్రాలు, ఒక్కో చిత్రానికి 625 గీతలు, పై నుంచి కిందికి ఒకదాని తర్వాత ఒకటి. రెండు వీసీఆర్‌లు పక్కపక్కన ఆడుతుంటే ఒకటి 300వ గీత దగ్గర ఉన్నప్పుడు రెండోది 40వ గీత దగ్గర ఉంటుంది. అప్పుడు ఒకదాని నుంచి ఇంకోదానికి మారితే టీవీ తికమకపడి బొమ్మ పైకీ కిందికీ దొర్లుతుంది. దూరదర్శన్ లాంటి చోట స్టూడియోలోని కెమెరాలన్నిటినీ ఒకే గడియారానికి కట్టి నడిపేవారు. ఊళ్లో వీడియో తీసేవాడికి అది అందే మాట కాదు.

దారి చూపింది జ్ఞాపకశక్తి గల చిప్పు. వచ్చే బొమ్మనంతా ఒక చిత్రం పట్టేంత మెమరీలో పోసుకుని, రెండు మెమరీలనూ ఒకే గడియారంతో చదివితే ఎవరి గీత ఎక్కడుందన్న గొడవే ఉండదు. 1990ల్లో మన పెళ్లి వీడియోల స్టూడియోలకు చేరిన పానసోనిక్ ఎంఎక్స్-50 మిక్సర్ లోపల ఉన్నది ఈ కిటుకే. ‘వీడియో షూటింగ్, మిక్సింగ్’ అన్న బోర్డులు చిన్న పట్నాల్లో కూడా వెలిసింది అప్పుడే. తాళి కట్టే బొమ్మ గుండె ఆకారంలో విచ్చుకుని తలంబ్రాల బొమ్మవుతుంటే జనం నోళ్లు తెరుచుకుని చూశారు.

అమెరికాలో అదే పనికి కంప్యూటర్ దిగింది. కాన్సస్ రాష్ట్రంలోని టొపీకా అనే ఊళ్లో టిమ్ జెనిసన్, పాల్ మాంట్‌గోమరీ నడిపిన న్యూటెక్ కంపెనీ 1990 చివర్లో ‘వీడియో టోస్టర్’ అన్న కార్డు అమ్మకానికి పెట్టింది. ధర 2,399 డాలర్లు. అమిగా కంప్యూటర్లో పెడితే నాలుగు వీడియోల మధ్య మారొచ్చు, కలపొచ్చు. కానీ అది అమెరికా టీవీ పద్ధతికే పనికొచ్చేది. మన 625 గీతల బొమ్మ దానికి పట్టదు. అందుకే మన స్టూడియోలకు పానసోనిక్ పెట్టె వచ్చింది గానీ టోస్టర్ రాలేదు.

టొపీకాకు వంద కిలోమీటర్ల లోపే మాన్‌హాటన్ అనే ఇంకో కాన్సస్ ఊరుంది. న్యూయార్క్ మాన్‌హాటన్ వేరు. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అక్కడిదే. అక్కడి కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన నాసిర్ అహ్మద్ బెంగళూరులో పుట్టి పెరిగినవారు. బొమ్మలను చిన్న సంఖ్యల్లోకి కుదించే గణితం ఒకటి తోచి, 1972లో పరిశోధనకు డబ్బు కావాలని నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను అడిగారు. ఇవ్వలేదు. ఆలోచన మరీ సాదాగా ఉందని ఒక పరిశీలకుడు అన్నట్టు ఆయనే తర్వాత రాశారు. ఆయన మానలేదు. శిష్యుడు టి.నటరాజన్‌తోనూ, టెక్సస్ రాష్ట్రం ఆర్లింగ్టన్‌లో పాఠాలు చెప్పే కామిశెట్టి రామమోహన్ రావుతోనూ కలిసి 1974 జనవరిలో ఆ పద్ధతిని ప్రచురించారు. ఇంటిపేరు చూస్తేనే మనవాడనిపించే ఈ రావుగారు మద్రాసు గిండీ కాలేజీలో ఇంజనీరింగ్ చదివినవారు. ఆ పద్ధతి పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్, పొట్టిగా డీసీటీ.

డీసీటీ చేసే పని ఇది. బొమ్మను అడ్డం 8, నిలువు 8 చుక్కల గడులుగా కోస్తారు. గడిలోని 64 చుక్కల వెలుగును 64 అలల కూడికగా తిరగరాస్తారు. మొదటి సంఖ్య గడి సగటు వెలుగు. తర్వాతవి మెల్లగా మారే నీడలు. చివరివి అతి సన్నని గరుకు. మన కన్ను ఆ చివరి గరుకును పెద్దగా పట్టించుకోదు కాబట్టి వాటిని మోటుగా రాసినా, వదిలేసినా నష్టం తెలియదు. జాతర రాత్రి నల్లటి ఆకాశమున్న గడికి ఒక్క సంఖ్య చాలు. అదే కాగితపు పూలు కురిసే దృశ్యమైతే 64 సంఖ్యలూ కావాలి. పూలవాన రాగానే తెర మీద బొమ్మ గడులు గడులుగా చెదిరేది అందుకే. అది తెర తప్పు కాదు. జేపెగ్ ఫొటో, వీసీడీ, ఇవాళ ఎక్కువ పాటలుండే హెచ్.264 ఫైలు, అన్నీ ఈ పద్ధతికో దాని వారసులకో రుణపడినవే.

లెక్క చూస్తే ఆ రుణం ఎంతో తెలుస్తుంది. ఫుల్ హెచ్‌డీ బొమ్మలో 20,73,600 చుక్కలు. చుక్కకు మూడు బైట్లు, సెకనుకు 25 చిత్రాలు: మొత్తం సెకనుకు సుమారు 155 మెగాబైట్లు. మామూలు ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్కు అంత వేగంగా చదవలేదు. కుదించాక అదే పాట సెకనుకు ఒక మెగాబైటుతో సరిపెట్టుకుంటుంది.

కుదించడం ఒక ఎత్తు, ఆట మధ్యలో విప్పడం ఇంకో ఎత్తు. వీడియోను కూడా కలపగల వర్చువల్ డీజే సాఫ్ట్‌వేర్ 2003లోనే మొదలైంది. 2004లో పయనీర్ కంపెనీ డీవీడీని రికార్డులా వెనక్కీ ముందుకూ తిప్పే డీవీజే-ఎక్స్1 తెచ్చింది. అది పెద్ద క్లబ్బుల వస్తువు. 2007లో ఆసుస్ ‘ఈ పీసీ’తో చవక ల్యాప్‌టాప్ అన్న మాట నిజంగా పుట్టింది గానీ, దాని 900 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌ను 630 దగ్గరే నడిపేవారు, మెమరీ 512 మెగాబైట్లు. ఒక్క హెచ్‌డీ పాటకే దానికి ఆయాసం. రెండు పాటలు విప్పి కలపమంటే చేతులెత్తేసేది. మలుపు 2011లో వచ్చింది. ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ చిప్పుల్లో వీడియో విప్పడానికీ కుదించడానికీ వేరే విభాగమే ఉంది. అసలు ప్రాసెసర్ పాటల లైబ్రరీ, ఎఫెక్టులు చూసుకుంటుంటే ఆ మూల తన పని తాను చేసుకుపోతుంది. ఆ తర్వాతి ఏడాదే హ్యూ బెయిలీ ఓబీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా విడుదల చేశారు. కెమెరా, పాట, పేర్ల పట్టీ అన్నీ ఒకే తెర మీద కలిపే పని డబ్బు పెట్టకుండానే ఊళ్లోకి వచ్చింది.

ఇక అసలు రహస్యం తెరలోనే ఉంది. కిరాయికి వచ్చే ఎల్‌ఈడీ తెరలు అర మీటరు చదరపు క్యాబినెట్లుగా వస్తాయి. పీ3.91 రకంలో చుక్కకూ చుక్కకూ మధ్య 3.91 మిల్లీమీటర్లు, క్యాబినెట్‌కు 128 అడ్డం, 128 నిలువు చుక్కలు. అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఆరు పేర్చితే నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు తెర. దాని మీదున్న చుక్కలు 1024 గుణించు 768, అంటే 7,86,432 మాత్రమే. చేతిలోని ఫోనులో ఇంతకన్నా ఎక్కువుంటాయి. అయినా పదమూడు, పద్నాలుగు మీటర్ల దూరం నుంచి మామూలు కన్ను ఆ చుక్కలను విడదీయలేదు, బొమ్మ నునుపుగానే కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ ఫుల్ హెచ్‌డీ పంపితే, దానికీ తెరకూ మధ్య ఉండే వీడియో ప్రాసెసర్ పెట్టె దాన్ని కుదించి, చేసిన పనిలో అరవై శాతం పైగా పారేస్తుంది. పాటల ఫైళ్లను ముందే తెర కొలతకు మార్చుకున్నవాడి పాత ల్యాప్‌టాప్, మార్చుకోనివాడి ఖరీదైన ల్యాప్‌టాప్ కన్నా తేలిగ్గా నడుస్తుంది. డబ్బు పెట్టే ముందు ఈ గుణకారం ఒక్కసారి చేసుకోమని ప్రతి కుర్రాడికీ చెప్పాలనిపిస్తుంది నాకు.

ఫైళ్లు మార్చేటప్పుడు చూడాల్సింది ఇంకోటుంది. ఆదోని పత్తి మార్కెట్లో ఖాతా పుస్తకం మొదటి పుటలో నిల్వ మొత్తం రాసి, తర్వాత రోజూ వచ్చింది పోయింది మాత్రమే రాసుకుంటారనుకోండి. 249వ రోజు నిల్వ ఎంతంటే మొదటి పుట నుంచి కూడుకుంటూ రావాలి. హెచ్.264 ఫైలు కూడా ఇంతే. నిండు చిత్రం ఎప్పుడో ఒకటి, మిగతావన్నీ మార్పులు. బాగా వాడుకలో ఉన్న ఎక్స్264 ఎన్‌కోడర్‌లో మనం మార్చకపోతే నిండు చిత్రాల మధ్య దూరం 250 ఫ్రేముల దాకా ఉండొచ్చు, అంటే పది సెకన్లు. డీజే ముందే గుర్తు పెట్టుకున్న చోటికి దూకించే హాట్ క్యూ నొక్కి నేరుగా పల్లవిలోకి దూకితే పాట వెంటనే దూకుతుంది, బొమ్మ మాత్రం లెక్క కూడుకుంటూ తడబడుతుంది. నిండు చిత్రం ప్రతి 12 ఫ్రేములకు ఒకటి పెట్టి ఫైలును తిరగరాస్తే ఆ తడబాటు పోతుంది, ఫైలు కొంత పెరుగుతుంది. 2013లో వచ్చిన హ్యాప్ పద్ధతి ఇంకా ముందుకు పోయి ప్రతి ఫ్రేమునూ విడిగానే ఉంచుతుంది. విప్పే పని గ్రాఫిక్స్ చిప్పుది, భారమంతా డిస్కుది. ఎస్‌ఎస్‌డీ లేకుండా దాని జోలికి పోకూడదు.

మెమరీ సంగతి కూడా చెప్పాలి. చవక ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే పంచుకుంటుంది. డీడీఆర్4-2400 స్టిక్ ఒకటుంటే సెకనుకు 19.2 గిగాబైట్లు, రెండుంటే దానికి రెట్టింపు. వీడియో కలపడానికి 8 జీబీ స్టిక్ ఒకటి కన్నా 4 జీబీవి రెండు మేలు.

జాతర నేల మీద యంత్రానికి శత్రువులు వేరు. మొదటిది బేస్. తిరిగే హార్డ్‌డిస్కు మీద ముల్లు లాంటిది అతి సన్నని ఎత్తులో తేలుతుంటుంది. అదురు తగిలితే చదువు తప్పుతుంది. 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీరు బ్రెండన్ గ్రెగ్ డిస్కుల ముందు నిలబడి గట్టిగా అరిచి, అవి ఆలస్యమవడం గ్రాఫులో చూపించారు. మనిషి అరుపుకే అలాగైతే నాలుగడుగుల దూరంలోని సబ్‌వూఫర్ల వరసకు ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రెండోది ధూళి. ఆదోనిలో జిన్నింగ్ మిల్లులు. మాచాని సోమప్ప 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘంతో పేరుపడ్డ ఎమ్మిగనూరులో మగ్గాలు. ఈ పక్క గాలిలో దూది నలుసు ఎప్పుడూ ఉంటుంది. అది ఫ్యాను వెనక రాగి రేకుల మధ్య పేరుకుని పలచని దుప్పటిలా అతుక్కుంటుంది. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే చోట వేడి బయటికి పోకపోతే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది. సీజన్‌కు ముందు ఒకసారి వెనక మూత విప్పి బ్రష్షుతో దులపడం వెయ్యి సాఫ్ట్‌వేర్ చిట్కాల పెట్టు.

చివరిగా పెదాల కదలిక. తెర ప్రాసెసర్, తెరకు బొమ్మను పంపే సెండింగ్ బాక్సు, సాఫ్ట్‌వేర్ కలిపి బొమ్మను 80 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తున్నాయనుకుందాం. శబ్దం సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది, కాబట్టి స్పీకర్‌కు సుమారు 28 మీటర్ల దూరంలో ఉన్నవారికి బొమ్మ, మాట కలిసి అందుతాయి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫారసు ప్రకారం మాట ముందొస్తే 45 మిల్లీసెకన్లకే మనిషి పసిగడతాడు, వెనకొస్తే 125 దాకా పసిగట్టడు. అయిదు మీటర్ల దూరంలో కూర్చున్న ముందు వరసకు మాట 65 ముందు చేరుతుంది, పాడేవాడి పెదాలు తప్పుతున్నట్టు తెలిసిపోతుంది. అరవై మీటర్ల అవతల నిలబడ్డవారికి 94 వెనక, వారికి ఏమీ తెలియదు. శబ్దానికి 30 మిల్లీసెకన్ల ఆలస్యం కలిపితే ముందు వరస 35కు, వెనక జనం 124కు వస్తారు, ఇద్దరూ హద్దులోనే. ఆ 30 పెట్టాల్సింది స్పీకర్లకు వెళ్లే మిక్సర్ అవుట్‌పుట్‌లో. డీజే హెడ్‌ఫోన్‌కు తగలనివ్వకూడదు, లేదంటే రెండో పాట దరువు కలపడంలో వాడి చెయ్యి తప్పుతుంది.